కొంగకాలు రాయి

యేసురత్నం బాబాయిని తాడేపల్లిగూడెంలో సమాధి చేశారు. కొల్లేరు లంకలో పుట్టిన మనిషికి చివరికి గూడెం మట్టి దక్కింది. ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసి మోసి నడుము వంగిపోయిన మనిషి, పెట్టెలో పడుకోబెడితే చాలా ఏళ్ళ తరవాత తిన్నగా కనిపించాడు. ఆయన మా నాన్నకి చిన్నాన్న కొడుకు, మా పేటలో మా పక్కింటివాడు. నేను ఏలూరు నుంచి బస్సులో వెళ్ళి, అందరితో పాటు గుప్పెడు మట్టి వేసి, అందరితో పాటు ఏడ్చాను. నా ఏడుపు మాత్రం అందరి ఏడుపు లాంటిది కాదు. ఆయన గురించి రాయాలంటే ముందు ఒక రాయి గురించి రాయాలి, తరవాత మా నాన్న గురించి, ఆ తరవాత నా గురించి. మొదటి రెండూ ఎప్పుడైనా రాసి ఉండేదాన్ని. మూడోదానికి జంకి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

మా ఊరు మండవల్లి దాటి కొల్లేరు వైపు దిగితే వచ్చే లంక. మూడు పక్కలా నీళ్ళు, నాలుగో పక్క బురద అనేవారు మా పేటవాళ్ళు. మా నాన్న దావీదు మేస్త్రి తాపీ పనివాడు. తెల్లారకముందే లేచి, ప్రార్థన చేసుకుని, సిమెంటుకి పగిలిన అరచేతులకి ఆముదం రాసుకుని, ఆ వాసనతోనే టీ తాగేవాడు. మా ఇంట్లో టీకి ఆముదం వాసన ఉండేదంటే చుట్టాలు నవ్వేవారు. ఆయన ఆస్తి అంతా ఒక సంచిలో ఉండేది. అందులో రసమట్టం అంటే ప్రాణం. అమ్మ పాత జాకెట్టు గుడ్డలో చుట్టి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టేవాడు. పని లేని రోజున చెయ్యి ఊరుకోదు కదా, పొయ్యిగట్టు మీదా, బల్ల మీదా, గుమ్మం మీదా ఆ రసమట్టం పెట్టి, లోపలి నీటిబుడగ నడిమికి వస్తుందా లేదా అని ఒక కన్ను మూసి చూసేవాడు. "అన్నం గిన్నె మీద కూడా పెట్టి చూడండి, మెతుకులు ఓ పక్కకి ఒరుగుతున్నాయేమో" అనేది అమ్మ. నాన్న నవ్వేవాడు కాదు. వంకర గోడ కట్టినవాడు దేవుడికి జవాబు చెప్పుకోవాలని ఆయన నిజంగా నమ్మేవాడు.

మా పేట మొత్తానికి ఆధారం సొసైటీ చెరువు. చేపల చెరువు. చర్చి వెనకాల, ఒకప్పుడు పశువులు మేసిన మెరక మీద, పేటవాళ్ళంతా కలిసి తవ్వుకున్నది. అందరికీ వాటాలు. దానికి కాపు, మేపు అన్నీ యేసురత్నం బాబాయే. పొద్దున్నే తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో కూరి, దోనె వేసుకెళ్ళి చెరువులో పాతిన కర్రలకి కట్టి వచ్చేవాడు. చేపలు కింద నుంచి ఆ చిల్లుల్ని పొడుచుకుని తింటుంటే నీళ్ళు సలసల కాగుతున్నట్టు ఉండేవి. ఆయన ఒంటి నుంచి ఎప్పుడూ తవుడు వాసన వచ్చేది. ఆదివారం సబ్బుతో రుద్దుకుని, తెల్లచొక్కా వేసుకుని చర్చికి వచ్చినా, పక్కన కూర్చుంటే తవుడే. పిల్లలు లేరు ఆయనకీ దేవకరుణ పిన్నికీ. నా పదో తరగతి మార్కుల కాగితం పేటంతా తిప్పి చూపించింది మా నాన్న కాదు, బాబాయి.

ఇక రాయి. మా చర్చి మెట్ల పక్కన నేలలో పాతి ఉండేది. దొరల కాలంలో సర్వే చేసినవాళ్ళు పాతిన రాయి. దాని మీద అడ్డంగా ఒక గీత, గీత కింద మూడు వేళ్ళ కొంగ అడుగు లాంటి గుర్తు చెక్కి ఉండేది. అందుకని కొంగకాలు రాయి అనేవాళ్ళం. "గవర్నమెంటు రాయి, దాని జోలికి వెళ్ళకండ్రా" అని పెద్దవాళ్ళు పిల్లల్ని కసిరేవారు. క్రిస్మస్ ముందు చర్చికి సున్నం కొట్టినప్పుడు దానికీ ఒక చెయ్యి వేసేవారు. అది ఎందుకుందో మాత్రం ఎవరికీ తెలియదు. సర్కారువాళ్ళు పెట్టారంటే ఏదో ఒక పని ఉండే ఉంటుందని గౌరవం, అంతే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు కొల్లేరు పొంగి చర్చిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక, ఈసారి పునాది ఎత్తుగా కట్టాలని సంఘం అనుకుంది. పని నాన్నదే. పాత మెట్లు తీసేశారు. రాయి దగ్గరికి వచ్చేసరికి ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. కొత్త వరండా కింద పడి పూడిపోతే రేపెప్పుడైనా సర్కారువాళ్ళు వచ్చి ఏదీ అంటే? నాన్న నలుగురి చేతా గునపాలతో దాన్ని జాగ్రత్తగా పైకి లేపించి, కడిగి, కొత్త వరండా మూలన, అందరికీ కనిపించేలా సిమెంటులో కూర్చోబెట్టాడు. రసమట్టం నిలువునా అడ్డంగా పెట్టి, బుడగ వెంట్రుకవాసి కదలకుండా సరిచేశాడు. మూలకి తిన్నగా వచ్చిందో లేదో చూడటానికి దారం లాగితే, ఆ దారం కొస పట్టుకున్నది నేను. "గట్టిగా పట్టుకోమ్మా, నువ్వు కదిలితే రాయి కదిలినట్టే" అన్నాడు. ఇక నీళ్ళలో నానే పని లేదని అందరూ సంతోషించారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. రాయి వాలకుండా ఉంటే చాలు, ఎక్కడుంటే ఏం అనుకున్నాడు నాన్న. తాపీ మేస్త్రికి అంతకంటే ఏం తోస్తుంది? ఆ రాయికి ఉన్న విలువంతా అది ఉన్న ఎత్తులోనే ఉందని ఆయనకి చెప్పినవాడు లేడు.

తరవాత నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. మా పేట నుంచి ఆ చదువు చదివిన ఆడపిల్ల నేనే మొదటిదాన్ని. అదే సమయంలో కొల్లేరు కొలతల పని వచ్చింది. సముద్రం కంటే ఐదడుగుల ఎత్తు దగ్గర ఒక గీత, దాన్ని ఐదో కాంటూరు అనేవారు. ఆ గీతకి లోపలున్నదంతా సరస్సు, బయటున్నదే మనుషులది. లోపల చేపల చెరువు కనిపిస్తే గట్టు తెంచాల్సిందే. గీత ఎక్కడ పడుతుందోనని లంకలన్నీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాయి. ఆ కొలతలు వేసే ఒక సర్వే పార్టీలో నాకు తాత్కాలికంగా ఉద్యోగం దొరికింది. నేను ఏలూరులో ఆఫీసు కుర్చీలో కూర్చున్నానన్న కబురు విని బాబాయి పెద్ద కొర్రమీను ఒకటి గోనెసంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చాడు. మా ఎ.ఇ., అంటే అసిస్టెంట్ ఇంజనీరు గారికి ఇవ్వమన్నాడు. అది సంచిలోంచి తప్పించుకుని బల్లల కింద పాకితే గుమాస్తాలు కుర్చీలెక్కారు. ఆ రోజు నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ కథంతటిలో నవ్వుకోవడానికి మిగిలింది ఆ చేప ఒక్కటే.

ఆఫీసులో మొదటి నెల నా పని పాత పుస్తకాలు ఎత్తి రాయడం. ఎప్పుడో ఈ నేలని మొట్టమొదట కొలిచినవాళ్ళు రాసిపెట్టిన వాటికి నకళ్ళు. తెరిస్తే చెదల మందు, పాత జిగురు కలిసిన వాసన వచ్చి తుమ్ములు ఆగేవి కావు. ఎంత శ్రద్ధగా రాశారో! ఎన్నడుగుల లోతున నల్లబంకమన్ను, దాని కింద గుల్లల పొర ఎంత మందం, ఏ బావి నీళ్ళు ఉప్పన, ఏవి తియ్యన, కిక్కిస గడ్డి ఎక్కడ పడవ దూరనంత దట్టం, వంటచెరకుకి కూడా చెట్టు లేని లంకలు ఏవి. కొంగల రకాలు కూడా రాశారు. మనుషుల ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఆ రాళ్ళు పాతడానికి బురదలో గోతులు తవ్వినవాళ్ళు మా ముత్తాతలే అయ్యుంటారు, వాళ్ళ పేరు ఒక్కటీ లేదు. నాకు ఒళ్ళు మండేది. అయినా ఒకరోజు మా లంక పేరు, దాని కింద 'చర్చి మెట్ల పక్కన రాయి' అని, ఎదురుగా దాని ఎత్తూ కనిపించేసరికి, ఎగిరి గంతేసినంత పని చేశాను.

పార్టీ మా వైపు వచ్చింది. పుస్తకంలో ఉన్న పాత రాళ్ళు ఒక్కటీ దొరకడం లేదు. ఒకటి రోడ్డు కిందకి పోయింది, ఒకటి ఏ చెరువుగట్టులో ఉందో తెలియదు. మా ఎ.ఇ. గారు మంచివాడే, మాట మెత్తన, కానీ పైనుంచి రోజూ ఫోన్లు. నాలుగు రోజులు ఎండలో తిరిగి ముఖం మాడిపోయి ఉంటే నేను, "మా చర్చి దగ్గర ఉందండి, సార్. నేను చూపిస్తాను" అన్నాను. జీపులో ముందు సీట్లో కూర్చుని మా పేటలోకి వెళ్ళాను. జనం గుమిగూడారు. ఎ.ఇ. గారు జేబురుమాలుతో సున్నం గోకి, కొంగకాలు కనిపించగానే, "ఉంది, ఉంది! నువ్వు లేకపోతే ఇంకో వారం తిరిగేవాళ్ళమమ్మా శాంతీ. నిన్ను కొనసాగించమని నేను రాస్తాను" అన్నారు. కొలతకర్ర రాయి మీద నిలబెట్టారు. ఆయన మిషన్లో చూస్తూ అంకె చెప్పారు. నేను పుస్తకంలో రాయాలి. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నా వేళ్ళకి ఆ దారం గుర్తొచ్చింది.

నేను మర్చిపోయానని చెప్పుకోవచ్చు. ఇన్నేళ్ళూ కొందరికి అలాగే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ క్షణాన నాకు అంతా తెలుసు. రాయి పైకి వెళ్ళింది, పుస్తకంలో అంకె మాత్రం పాతదే. అక్కణ్ణించి కొలుచుకుంటూ పోతే రాయి ఎంత లేచిందో అంత మేరా ఊరి నేల కాగితం మీద పల్లంలోకి దిగిపోతుంది. ఇంకో రాయితో సరిచూడకుండా ఒక్కదాన్ని నమ్మకూడదన్నది చదువులో మొదటి పాఠం. నోరు తెరవబోయాను. నన్ను చూసి మా అమ్మ వాళ్ళందరి మధ్యలో పైటచెంగుతో కళ్ళొత్తుకుంటోంది. ఎ.ఇ. గారు అప్పుడే మెచ్చుకున్నారు. ఇప్పుడు ఇది పనికిరాదంటే మళ్ళీ ఎండలో వెతుకులాట. మెరక మీది చెరువు కదా, ఆ కాస్త తేడాకి గీతలోకి రాదులే అనుకున్నాను. అంకె రాశాను. చేతిరాత కుదురుగా కూడా వచ్చింది.

వారానికల్లా సొసైటీ చెరువు గట్టు మీద ఎర్రజెండాలు పాతారు. గీత మెరకని మింగేసి చర్చి గోడ దాకా వచ్చింది. నాన్న అప్పుడు పెదపాడులో గోడౌన్ పని మీద ఉన్నాడు. కబురు విని శనివారం సాయంత్రం వచ్చి, చెప్పులైనా విప్పకుండా, "ఎలా కొలుస్తారమ్మా అది?" అని అడిగాడు. నేను పీట మీద చెంబు పెట్టి చూపించాను. పీట లేకుండా చెంబు నేల మీదే ఉందనుకుని కొలిస్తే ఏమవుతుందో కూడా చూపించాను. ఆయన తనే చెంబు తీసి నేల మీద పెట్టి, మళ్ళీ పీట మీద పెట్టి చూశాడు. తరవాత, "అమ్మో, ఎంత పని చేశాను" అని నేల మీద కూలబడ్డాడు. మర్నాడు ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడి, రాయి ఎత్తినది తనే కాబట్టి తప్పు తనదేనని చెప్పాడు. పెద్దలు భయపడ్డారు. సర్కారు రాయి కదిపితే కేసు అవుతుందన్నారు, చర్చి వరండా పగలగొడతారేమోనన్నారు. రెండు రోజులు ఆ తర్జనభర్జనల్లోనే పోయాయి. మూడో రోజు నాన్న ఒక్కడే ఏలూరు వచ్చాడు.

నేను ఎ.ఇ. గారి గదిలోనే నా కుర్చీలో ఉన్నాను. ఎ.ఇ. గారు కూర్చోమన్నా నాన్న కూర్చోలేదు. "ఆ రాయి నేను ఎత్తి పెట్టానండి. రెండడుగుల మీద నాలుగంగుళాలు. తెలియక చేశానండి. నాకు ఏ శిక్ష వేసినా పడతాను, కొలత మాత్రం సరిచెయ్యండి బాబూ" అన్నాడు. ఎ.ఇ. గారు నిట్టూర్చారు. "మేస్త్రి గారూ, ఈ వారంలో ఇలా వచ్చినవాళ్ళలో మీరు నాలుగోవారండి. ఒకరు వంతెన కుంగిందంటారు, ఒకరు రాయి అరిగిందంటారు. చెరువు పోతుంటే ఎవరైనా అంటారు, నేను తప్పుపట్టను. కానీ ఎత్తినప్పుడు చూశామని నమ్మదగ్గ మనిషి ఒక్కరు చెప్పాలి కదండీ." ఇలా అంటూ నా వైపు తిరిగారు. "ఏమ్మా శాంతీ, నువ్వు మా మనిషివి. నీ మాట మీద అయితే మళ్ళీ కొలిపిస్తాను. నీకేమైనా గుర్తుందా?"

గుర్తుందంటే, ఆ రోజు మరి ఎందుకు చెప్పలేదని అడుగుతారు. పుస్తకంలో నా చేతిరాత ఉంది. "నేను అప్పుడు చిన్నపిల్లనండి" అన్నాను. నాన్న నా వైపు చూడలేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ, "అవునండి, పసిపిల్ల. దానికేం తెలుస్తుందండి" అన్నాడు. ఇంకొకసారి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే ఎండలో బస్టాండు వైపు నడుస్తున్నాడు, ఖాళీ చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు ఊపుకుంటూ.

రెండు పొక్లెయిన్లు వచ్చి ఒక్క పూటలో గట్టు తెంచేశాయి. ఎన్నేళ్ళో తట్టలతో మట్టి మోసి వేసిన గట్టు. నీళ్ళు పోతుంటే చేపలు బురదలో పొర్లాయి, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి పంచెల్లో మూటగట్టుకుపోయారు. యేసురత్నం బాబాయి చేతిలో మేత సంచి పట్టుకుని, దాన్ని కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేకుండా నిలబడ్డాడు. కుళ్ళు కంపు నెల రోజులు వదల్లేదు, ప్రార్థనకి కూర్చున్నా ముక్కుకి గుడ్డ కట్టుకునేవారు. తరవాత పేట చెదిరిపోయింది. కొందరు ఏలూరు, కొందరు బెజవాడ, బాబాయీ పిన్నీ తాడేపల్లిగూడెం. నాన్న సంఘపెద్దగా ఉండటం మానుకుని చిట్టచివరి వరసలో కూర్చునేవాడు. పని ఒప్పుకున్నా, తాపీ పట్టేవాడు గానీ, మట్టం చూసే పని పక్క మేస్త్రికి ఇచ్చేసేవాడు. ఆయన పోయేదాకా మా ఇద్దరి మధ్యా ఆ మాట రాలేదు. ఇప్పుడు ఆ వైపు వెళ్తే గీత లోపల కూడా మళ్ళీ చెరువులే, కనుచూపు మేరా, గట్ల మీద మోటార్లు, కాపలా గుడిసెలు. ఎవరివో పెద్దవాళ్ళవి అంటారు. మా మెరక మీది చెరువు గుంటలో మాత్రం గుర్రపుడెక్క పెరిగింది. ఐదో కాంటూరు మా పేటకి ఒక్కదానికే గీసినట్టుంది.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక, మార్కెట్ వెనక వాళ్ళ అద్దెగదిలో నేనూ దేవకరుణ పిన్నీ మిగిలాం. గదంతా ఉల్లిపొర, ఉల్లి ఘాటు. ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "పిన్నీ, ఆ రాయి ఎత్తినప్పుడు దారం పట్టుకుంది నేనే. కొలిచిన రోజు కూడా నాకు గుర్తుంది. చెప్పలేదు."

పిన్ని చాప మీద పడ్డ ఉల్లిపొరలు ఏరుతూనే ఉంది. "తెలుసమ్మా" అంది. "ఆఫీసు నుంచి వచ్చిన రోజు మీ నాన్న మా ఇంటికొచ్చి ఏడ్చాడు. పిల్లకి తెలుసురా రత్నం, నోరు తెరవలేకపోయింది అన్నాడు. మా మరిది ఊరుకోనన్నాడు, పదిమందిని వేసుకుని వెళ్ళి, మీ ఆఫీసు పిల్లే సాక్షి అని చెప్తానన్నాడు. మీ బాబాయి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. మన పేటలో కుర్చీలో కూర్చున్న పిల్ల ఇది ఒక్కతేరా, చెరువు పోతే ఇంకోటి తవ్వుకుంటాం, దాని ఉద్యోగం పోతే మళ్ళీ తేగలమా అన్నాడు. ఇంక ఎవ్వరూ మాట్లాడలేదు."

ఆ ఉద్యోగం ఆ తరవాత నాలుగు నెలలు ఉంది. పని అయిపోయిందని పార్టీని ఎత్తేశారు, ఎ.ఇ. గారు బదిలీ మీద వెళ్ళిపోయారు, నన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదు. అప్పటి నుంచీ ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకుంటున్నాను. చెల్లాచెదురైన పేటవాళ్ళకి ఆ సంగతి చేరలేదు, నేను చేరనివ్వలేదు.

పిన్ని ఏరిన పొరలు గుప్పెట్లో పట్టుకుని నా వైపు చూసింది. "ఇప్పటికీ ఆ ఆఫీసులోనే కదమ్మా చేస్తున్నావు?"

"అవును పిన్నీ" అన్నాను.